మేనత్త ఇల్లుండగా

పటమట,
2025 జూలై 16

చిరంజీవి అక్షయకు,

నీ మేనత్త రామతులసి ముందు దీవించి, ఆ తర్వాత నిలదీసి రాస్తున్న ఉత్తరం.

కంకిపాడుకీ పటమటకీ మధ్య ఉన్న కాస్త దూరానికి ఉత్తరమేమిటి, ఫోన్ లేదా అని నవ్వకు. మీ ఇంట్లో ఫోనంటే మైకు. మొన్న మీ అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో మీ పక్కింటావిడ దగ్గింది. నేనన్న మాటలన్నీ ఆవిడ కూడా విన్నదన్నమాట. అందుకని ఈ విషయం తేలేదాకా మన మాటలు కాగితం మీదే. రోజూ మీ ఊరినుంచి మా రైతుబజారుకు కూరగాయల ఆటో తెచ్చే హనుమయ్య చేతికి ఇస్తాను. అతనికి కాకరకాయల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద లేదు. మన గుట్టు బయటపడదు.

నది అవతలి యూనివర్సిటీలో నీకు ఇంజనీరింగ్ సీటు వచ్చిందని తెలిసిన రోజున నా దగ్గర మగ్గం వర్కు చేసే ముగ్గురు పిల్లలకీ బందరు లడ్డూలు తెప్పించి పెట్టాను. ఆ సాయంత్రమే మా చక్రి గదికి రంగు వేయించే పని మొదలుపెట్టాను. లేత ఆకుపచ్చ. నీకిష్టమో కాదో అడగలేదు, కంటికి చల్లగా ఉంటుంది, చదువుకునే పిల్లకు అదే మంచిది. చక్రి హాల్లో పడుకుంటాడు. యూనివర్సిటీ బస్సు బెంజి సర్కిల్ దగ్గర ఆగుతుంది, పొద్దున మీ మావయ్య ఆటోనగర్ షాపుకు వెళ్తూ నిన్ను దించేస్తాడు. అన్నీ అమర్చాను. నువ్వు వచ్చి కూర్చోవడమే తరువాయి.

ఇంతా అయ్యాక మీ అమ్మ తీరిగ్గా ఫోన్లో, “ఫస్టియర్ వాళ్ళకి హాస్టల్ కంపల్సరీ అంటున్నారు తులసీ, మన చేతుల్లో లేదు” అన్నది. మేనత్త ఇల్లుండగా మేనకోడలు హాస్టల్లో ఉందంటే నేను నలుగురిలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? రామతులసి అన్నం పెట్టలేక పంపించింది అనుకోరూ? ఆ రూలు పెట్టిన వాళ్ళెవరో చెప్పు, నేను వెళ్ళి మాట్లాడతాను. కరెంటాఫీసు వాళ్ళతోనే మాట్లాడి గెలిచినదాన్ని, యూనివర్సిటీ ఎంత?

పరుపు కొత్తది కొనమంటావా, దూది ఏకించమంటావా? అది మాత్రం నీ ఇష్టం.

ఆశీస్సులతో,
అత్త

~

కంకిపాడు,
2025 జూలై 18

అత్తకు,

నమస్కారాలు. నీ ఉత్తరం గోంగూర కట్టల మధ్య క్షేమంగా చేరింది. కొంచెం తడిసింది గాని కోపం మాత్రం ఎక్కడా చెరగలేదు.

లడ్డూలు నీ మగ్గం పిల్లలకు పెట్టి, సీటు వచ్చినదానికి పెట్టకపోవడం ఏ న్యాయం?

హాస్టల్ రూలు సంగతి అమ్మే నీతో మాట్లాడింది కాబట్టి అమ్మనే అడగడం మంచిది. నాకు తెలిసిన రూలు ఒకటుంది, అది మాత్రం చెప్తాను. హాస్టల్లో చేరే పిల్లలకు ఊళ్ళో ఒక లోకల్ గార్డియన్ ఉండాలట. విజయవాడలో ఉండే దగ్గరి బంధువై ఉండాలి, స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. అది ఆగస్టు రెండో తారీఖులోపల జరగాలి, లేకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. విజయవాడలో మనకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నాన్న నిన్న అన్నం తింటూ తేల్చేశాడు. “రామతులసి సంతోషంగా సంతకం పెడితే హాస్టలు. లేకపోతే వాళ్ళింట్లోనే. నాకున్నది ఒక్క చెల్లెలు, దాని మనసు కష్టపెట్టి నేను నిన్ను ఎక్కడా చేర్చను” అన్నాడు. అమ్మ ఏదో అనబోయింది, నాన్న మజ్జిగ అడిగాడు.

కాబట్టి అత్తా, నేను హాస్టల్లో ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు నీ చేతిలో ఉంది. నాకు ఉండాలని ఉంది. నువ్వు సంతకం పెడతావని నా నమ్మకం. పరుపు కొనొద్దు, ఏకించొద్దు, కొన్నాళ్ళు ఆగు.

మావయ్యకూ బావకూ నా నమస్కారాలు చెప్పు.

నీ
అక్షయ

~

పటమట,
2025 జూలై 21

అక్షయా,

మీ అమ్మను అడగనక్కర్లేదు. మా పక్కింటి కీర్తనను అడిగాను.

ఆ పిల్ల మీ యూనివర్సిటీలోనే ఇప్పుడు సెకండియర్. ఫస్టియర్ అంతా బెంజి సర్కిల్లో బస్సెక్కి వెళ్ళొచ్చింది. హాస్టల్ గడప తొక్కలేదు. “కంపల్సరీ అని ఎవరన్నారాంటీ?” అని నన్నే అడిగింది. ఏం చెప్పను? మా వదిన అన్నదని చెప్పనా? నాలుక కరుచుకుని ఇంట్లోకి వచ్చాను. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనని రోజంతా కుమిలిపోయాను. ఆ కోపంలో ఒక జాకెట్టు చేతి మీద నెమలికి రెండు తోకలు కుట్టాను.

మర్నాడు నిదానంగా ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. ఇంతోటిదానికి మీ అమ్మ అన్ని మెలికలు తిరగాలా? మా ఇంట్లో ఇరవై నాలుగేళ్ళ చక్రి ఉన్నాడు. వాడు నీకు వరసకు బావ. మేనత్త కొడుకున్న ఇంట్లో పద్దెనిమిదేళ్ళ పిల్లను ఉంచితే పెళ్ళి ఖాయమైపోయిందని లోకం అనుకుంటుంది. వదిన భయం అదీ. ఆ మాట నా మొహాన అనలేక రూలు కనిపెట్టింది.

నాకు అలాంటి ఆలోచన లేదు తల్లీ. నీకేదైనా అనుమానం ఉంటే ఇప్పుడే తీసేసుకో. మా వాడు మంచివాడే, కానీ తడి తువ్వాలు మంచం మీద పడేసే మనిషి. అలాంటివాణ్ణి ఇంజనీరింగ్ చదివే పిల్లకు అంటగట్టే మేనత్తను కాను నేను.

అందుకని నిన్న ఆ సమస్యే లేకుండా చేశాను. చక్రిని ఆటోనగర్ పంపేశాను. అక్కడ మీ మావయ్యకు తెలిసిన లేతు మిషన్ల షెడ్డు మీద గది ఉంది, ఇద్దరు కుర్రాళ్ళు ఉంటున్నారు, వీణ్ణి మూడోవాడిగా చేర్చాను. పొద్దున షాపుకు నడిచి వెళ్ళొచ్చు. వాడు కాసేపు నోరు తెరుచుకుని చూశాడు, తర్వాత సంచీ సర్దుకున్నాడు. మీ మావయ్య “ఇదేం విడ్డూరమే” అన్నాడు. ఆయన మాట నేను పట్టించుకోలేదు.

మేనకోడలి కోసం కన్నకొడుకును బయటికి పంపిన మేనత్త కృష్ణాజిల్లా మొత్తంలో ఇంకొకతె ఉంటే చూపించు. ఇప్పుడు ఇంట్లో నేనూ, మీ మావయ్యా, నువ్వూ. ఇంకేం అడ్డం?

పరుపు కొనేశాను.

ప్రేమతో,
అత్త

~

కంకిపాడు,
2025 జూలై 23

అత్తా,

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

హనుమయ్యకు మనుషుల మీద శ్రద్ధ లేదన్నావు. చక్రి బావ సంచీ, స్టీలు బకెట్టు, ఫ్యాను ఆటోనగర్ చేర్చింది హనుమయ్య తోడల్లుడి ఆటో. సోమవారం పొద్దున్నే కంకిపాడు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆ వార్త దిగింది. మధ్యాహ్నానికి దానికి అర్థం కూడా తేల్చేశారు. అమ్మాయి ఆ ఇంట్లో అడుగు పెట్టబోతోంది, పెళ్ళికి ముందు ఇద్దరూ ఒక కప్పు కింద ఉండకూడదు, అందుకే పద్ధతిగా అబ్బాయిని బయట పెట్టారు అని. నువ్వు బావను ఇంట్లోనే ఉంచుకుని ఉంటే పెళ్ళి అవుతుందేమో అనుకునేవాళ్ళు. పంపేశావు కాబట్టి ముహూర్తం కూడా పెట్టేశారనుకుంటున్నారు.

నిన్న ఉయ్యూరు నుంచి నాన్న మేనమామ ఫోన్ చేశాడు. శ్రావణంలోనా కార్తీకంలోనా, కాస్త ముందు చెబితే మోకాలి ఆపరేషన్ దాన్నిబట్టి పెట్టుకుంటానన్నాడు. స్పీకర్లోనే.

అమ్మ ఏడుస్తోంది. తను చెప్పిన అబద్ధం వల్లే ఇదంతా అని నాన్నకు తెలిసిపోయింది. నాన్న ఆమెను ఏమీ అనలేదు గాని సొసైటీ ఆఫీసుకు వెళ్ళడం మానేశాడు. వెళ్తే అందరూ శుభాకాంక్షలు చెప్తున్నారట. కాదని ఒట్టు వేస్తే సిగ్గుపడుతున్నాడనుకుంటున్నారట.

చక్రి బావ ఏమనుకుంటున్నాడో అడిగావా? ఇంత జరిగినా ఎవరూ మా ఇద్దరినీ ఏమీ అడగలేదు. ఆయన్ను ఇంట్లోంచి పంపేశారు, నాకు పెళ్ళి చేసేశారు.

నాకు నవ్వూ వస్తోంది, గుండెల్లో గుబులుగానూ ఉంది. ఆగస్టు రెండు దగ్గరికొస్తోంది అత్తా.

నీ
అక్షయ

~

పటమట,
2025 జూలై 24

బంగారుతల్లి అక్షయకు,

నీ ఉత్తరం చదివి ముందు నేను నవ్వాను, తర్వాత మీ మావయ్యకు వినిపించాను, ఆయన నవ్వలేదు. షాపుకు వచ్చిన లారీ ఓనరు ఒకాయన ఆయనకు స్వీటు పెట్టబోయాడట.

సరే, అయ్యిందేదో అయ్యింది. రామతులసి ఒక దారి మూసుకుపోతే ఇంకోటి వెతుక్కుంటుంది. విను. నువ్వు హాస్టల్లో చేరు. నేను వచ్చి సంతకం పెడతాను. ఎందుకు పంపావని నన్నెవరైనా అడిగితే, ఊరి నోళ్ళకు జడిసి పంపాను, లేకపోతే నా మేనకోడలిని హాస్టల్లో వేస్తానా అని చెప్పుకుంటాను. నా పరువు నాకుంటుంది. మీ నాన్న సొసైటీకి వెళ్తాడు. వదినను కూడా నేనేమీ అనను.

ఒక్క సెమిస్టరు ఓపిక పట్టు. ఆలోగా జనం ఇంకొకళ్ళ పెళ్ళి పట్టుకుంటారు. అప్పుడు పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేయ్. చక్రిని కూడా అప్పుడే వెనక్కి పిలిపించి హాల్లో వేస్తాను.

అదీ ఏర్పాటు. నువ్వు చేయవలసిందల్లా, “హాస్టలు నాకిష్టం లేదు, ఊరి మాటల కోసం వెళ్తున్నాను, సెమిస్టరు అవగానే అత్త దగ్గరికి వచ్చేస్తాను” అని ఒక్క ముక్క రాసి పంపడం. అది మీ మావయ్యకు చూపిస్తాను. ఆయనకు నా మీద నమ్మకం కాస్త సడలింది.

అత్త

~

కంకిపాడు,
2025 జూలై 26

అత్తా,

నువ్వు చూపించిన దారి చాలా సుఖంగా ఉంది. ఒక్క ముక్క రాస్తే నీ సంతకం వస్తుంది, నాన్న గడప దాటుతాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. నిన్నంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ ముక్క రాయలేకపోయాను.

హాస్టలు నాకిష్టం లేదన్నది అబద్ధం. నాకిష్టం. చక్రి బావ ఆటోనగర్లో ఉన్నా, అండమాన్‌లో ఉన్నా, అసలు నీకు కొడుకే లేకపోయినా నేను హాస్టలే అడిగేదాన్ని. అమ్మ భయం అమ్మది. నా కారణం వేరు. దాన్ని ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా అమ్మ అబద్ధం వెనక నిలబడ్డాను. ఇప్పుడు నీ అబద్ధం వెనక నిలబడమంటున్నావు. నాకు ముందుకు రావాలని ఉంది.

విజయవాడ బస్సు మా వీధి మలుపులో నా కోసం ఆగుతుంది. అక్కడ స్టాపు లేదు. ఇంటర్లో కెమిస్ట్రీ రికార్డు వారం ఆలస్యంగా ఇస్తే, నలుగురు పిల్లల్ని బయట నిలబెట్టిన మేడం నన్ను మాత్రం “సొసైటీ ప్రెసిడెంటు గారి అమ్మాయివి కదూ, రేపు తీసుకురామ్మా” అన్నది. వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. ముందు హాయిగా అనిపించింది. కిటికీలోంచి ఆ నలుగురూ కనపడుతుంటే తర్వాత సిగ్గేసింది. నాకు వచ్చిన మంచి మార్కులు నావో, నాన్న పేరువో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ ఇంట్లో అయితే నేను రామతులసి గారి మేనకోడల్ని. నేను తాగిన గ్లాసు నేను కడిగితే నీకు కోపం వస్తుంది. వేసవి సెలవుల్లో వస్తే నా జడ కూడా నువ్వే వేస్తావు. ప్రేమ తక్కువై కాదత్తా, ఎక్కువై. అందులో పడ్డాక నాకు ఏం వచ్చో ఏం రాదో నేను తెలుసుకునేదెప్పుడు?

నన్ను ఎవరూ ఎరగని చోట ఉండాలని ఉంది. అక్కడ ఏడుస్తానేమో, ఎవరితోనైనా గొడవ పడతానేమో, బాగానే ఉంటానేమో. బాగానే ఉంటాననే అనుకుంటున్నాను. నాలుగేళ్ళూ హాస్టల్లోనే ఉంటాను. సంతకం పెడితే ఇది తెలిసే పెట్టు.

నీ
అక్షయ

~

పటమట,
2025 జూలై 27

అక్షయకు,

ఉత్తరం అందింది. చదువుకున్నదానివి, బాగా రాశావు.

ఎవరూ ఎరగని చోటు కావాలన్నావు. నిన్ను ఎరిగి ఉండటం నేను చేసిన పాపమని నాకు ఇప్పటిదాకా తెలియదు. మూడేళ్ళప్పుడు నీకు టైఫాయిడ్ వస్తే మీ అమ్మ ఒళ్ళో కంటే నా ఒళ్ళోనే ఎక్కువ పడుకున్నావు. అదీ ఎక్కువైన ప్రేమేనేమో. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, నిజమే.

సంతకం సంగతి నన్నేమీ అడగవద్దు. జవాబు కూడా పంపనక్కర్లేదు.

రామతులసి

~

కంకిపాడు,
2025 జూలై 29

అత్తా,

జవాబు వద్దన్నావు. ఈ నెలదాకా ఎప్పుడూ నీ మాట కాదనలేదు కాబట్టి ఇంకోసారికి ఓర్చుకో.

రాసినదానిలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. నిన్ను బాధపెట్టినందుకు మాత్రం నాకు చాలా బాధగా ఉంది. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. నీ కోపం నాకు కొత్త.

నువ్వు సంతకం పెట్టకపోతే మీ ఇంటికే వస్తాను. ముఖం మాడ్చుకోను, నీకు చేతనైనంత పెట్టు, తింటాను. కానీ ఇష్టపడి వచ్చానని మాత్రం ఎవరితోనూ అనను, నువ్వూ అనొద్దు. అడిగి ఓడిపోయానని నాకు గుర్తుండాలి. అడగకుండా ఉండిపోయానని కాదు.

నాన్న ఇంకా ఎదురుచూస్తున్నాడు. నీకు ఫోన్ చేయమంటే, “దాన్ని నేను బలవంతపెట్టను” అంటున్నాడు.

అక్షయ

~

పటమట,
2025 ఆగస్టు 1

చిరంజీవి అక్షయకు,

మొండితనం మా పుట్టింటి ఆస్తి. మీ నాన్నకు పొలం వచ్చింది, నాకు ఇది వచ్చింది, నువ్వు రెండోదానికి వారసురాలివి.

నీ మీద కోపంతో బుధవారం నేను చేసిన మొదటి పని చక్రిని ఇంటికి తెచ్చుకుందామని బయలుదేరడం. నువ్వెలాగూ రావు, నా కొడుకెందుకు దిక్కులేనివాడిలా ఆ లేతు షెడ్డు మీద పడి ఉండాలి? గుత్తివంకాయ కూర చేసి క్యారేజీలో పెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. ఆ మెట్లు ఎక్కేటప్పుడు వాడు చిక్కి సగమై ఉంటాడని, నన్ను చూడగానే సంచీ భుజాన వేసుకుంటాడని అనుకున్నాను.

వాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ పెట్టాడు. అక్షయా, మా చక్రి టీ పెట్టాడు. తాగిన గ్లాసులు వాడే తీసుకెళ్ళి కడిగాడు. తువ్వాలు తాడు మీద ఆరేసి ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చేయరా అన్నాను. “నీ మీద కోపం లేదమ్మా, ఇక్కడ బాగుంది. అన్నం నేనే వండుతున్నా. మొన్న మాడింది. నిన్న బాగానే వచ్చింది” అన్నాడు.

మాడిన అన్నం గురించి అంత గర్వంగా చెప్పుకునే మనిషిని నేను చూడలేదు. షాపులో పెద్ద బేరం తెచ్చిన రోజున కూడా వాడి ముఖం అలా లేదు. నాకు కోపం రావాలి, రాలేదు. వాడికి ఇరవై నాలుగేళ్ళు వండి పెట్టానే, ఒక్క పూట కూడా వాణ్ణి అన్నం మాడబెట్టుకోనివ్వలేదే అనిపించింది. గుత్తివంకాయ అక్కడే పెట్టి వచ్చేశాను. ఆటోలో ఏడ్చాను. ఎందుకేడ్చానో మీ మావయ్యకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నన్ను వద్దనుకుంటున్నారని కాదు. నేను లేకుండా బాగుంటారని తెలిసి. అది మింగడానికి కాస్త టైము పట్టింది.

ఈ పొద్దున కీర్తనతో కలిసి యూనివర్సిటీ బస్సెక్కాను. తల్లిదండ్రుల్ని ఎక్కించుకోం అని డ్రైవరు అన్నాడు. నేను తల్లినీ కాను తండ్రినీ కాను అని చెప్పి కూర్చున్నాను.

హాస్టలు చూశాను. ముందు బాత్‌రూములు, తర్వాత వంటిల్లు, చివర గదులు. బాత్‌రూములు పర్వాలేదు. సాంబారు నీళ్ళు, ఆ మాట వంట మేస్త్రీకే చెప్పాను. నాలుగు మంచాల గది, కిటికీ దగ్గరి మంచం నీకివ్వమని వార్డెనును అడిగాను. ఆవిడ నవ్వి, ముందు వచ్చినవాళ్ళకే అండీ అన్నది. మామూలుగా అయితే ఆవిణ్ణి ఒప్పించేదాకా కదిలేదాన్ని కాదు. నీ ఉత్తరంలో ఆ స్టాపు లేని చోట ఆగే బస్సు గుర్తొచ్చింది. సరేనండీ అని ఊరుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన “సరే” ఇంకోటి అనలేదు.

ఆఫీసులో కుర్రవాడు నీకు నేనేమవుతానని అడిగాడు. మేనత్తను అన్నాను. ఆంటీ అని రాసుకుంటానన్నాడు. ఆంటీ అని నన్ను పాలవాడు కూడా పిలుస్తాడు బాబూ, తండ్రి తోడబుట్టినదాన్ని అని రాయి అన్నాను. వాడు ఫారంలో ఎక్కడ రాయాలో తెలియక పక్కన చిన్నక్షరాలతో ఇరికించాడు. దాని కింద నేను సంతకం పెట్టాను.

సంతోషంగా పెట్టిందా అని మీ నాన్న అడుగుతాడు. ఏడ్చాక పెట్టింది, కాబట్టి సంతోషంగానే పెట్టింది అని చెప్పు. ఎందుకు పంపావని ఇక్కడ నన్నెవరు అడిగినా, మా అమ్మాయి అడిగింది, పంపాను అనే చెబుతాను. చెప్పడం మొదలుపెట్టాను కూడా. ఉయ్యూరు పెద్దాయనకు ఫోన్ చేసి మోకాలు ఎప్పుడైనా కోయించుకోవచ్చని చెప్పాను.

మీ అమ్మ మీద నాకేమీ లేదని చెప్పు. ఈసారి అబద్ధం ఆడేటప్పుడు మా పక్కింట్లో ఎవరున్నారో చూసుకోమను.

నీ అత్త

~

హాస్టల్,
2025 ఆగస్టు 17

అత్తా,

ఈ ఉత్తరం కీర్తనక్క చేత పంపుతున్నాను. ఇప్పుడు ఫోన్లో ఎవరూ వినరు, ఆ సంగతి తెలుసు. కానీ నీతో ఉత్తరాల్లో మాట్లాడటం అలవాటైపోయింది, ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

కిటికీ దగ్గరి మంచం పార్వతీపురం అమ్మాయికి వచ్చింది. నాది బాత్‌రూము గోడ పక్కది. మదనపల్లె నుంచి వచ్చిన అమ్మాయికీ నాకూ ఫ్యాను మీద గొడవ. తనకు చలి, నాకు ఉక్క. రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత నేనే వెళ్ళి మంచాలు మార్చుకుందామని చెప్పాను. ఇప్పుడు ఫ్యాను కింద నేను, గోడ పక్కన తను. అమ్మను అడగలేదు, వార్డెనును అడగలేదు.

మొదటి రోజు మెస్సులో నాకోసం ఎవరూ చోటు ఉంచలేదు. కంచం పట్టుకుని నిలబడ్డాను. అబద్ధమెందుకు, అప్పుడు నువ్వూ గుర్తొచ్చావు, నీ వంటిల్లూ గుర్తొచ్చింది. బందరు అమ్మాయి హెప్సిబా కాస్త జరిగి, “నీ పేరేంటి?” అని అడిగింది. చెప్పాను. ఏ ఊరని, ఎవరి అమ్మాయివని అడగలేదు. పచ్చడి ఉందా అని అడిగింది. నువ్విచ్చిన మాగాయ ఆ వారంలోనే అయిపోయింది.

బుధవారం ల్యాబు రికార్డు పూర్తి చేయలేదని సార్ నన్ను బయట నిలబెట్టాడు. నాతోపాటు ఇంకో ముగ్గురు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ రోజే కూర్చుని అంతా పూర్తి చేశాను. మర్నాడు సార్ బాగుందని సంతకం పెట్టాడు. అది నాదే అత్తా, ఎవరి పేరూ కలవలేదు.

వచ్చే ఆదివారం బయటికి పంపుతారట, లోకల్ గార్డియన్ వచ్చి తీసుకెళ్ళాలి. వస్తావా? శనివారం సాయంత్రమే వచ్చి ఒక రాత్రి ఉంటాను. చక్రి బావ ఇంకా ఆటోనగర్లోనే ఉన్నాడని నాన్న చెప్పాడు. అయితే ఆకుపచ్చ గదిలో నేను పడుకుంటాను. ఇన్ని రోజులు నలుగురి మధ్య పడుకున్నాక ఒక్కదాన్నే గదిలో పడుకోవడం ఎలా ఉంటుందో చూడాలి.

మావయ్యకు నమస్కారాలు.

నీ
అక్షయ

~

పటమట,
2025 ఆగస్టు 19

చిరంజీవి అక్షయకు,

శనివారం సాయంత్రం నేనే వచ్చి తీసుకొస్తాను. వార్డెనుకు ఫోన్ చేసి చెప్పాను. సాంబారు సంగతి కూడా ఇంకోసారి గుర్తు చేశాను. హెప్సిబాను కూడా తీసుకురా, ఆ పిల్లను పంపడానికి వాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే. మాగాయ రెండు సీసాలు కట్టి ఉంచాను.

రికార్డు మీద సంతకం సంగతి మీ మావయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి ఆయన అడిగాడు, రెండోసారి నేనే చదివాను.

గది విషయం ఒకటి చెప్పాలి. అది ఖాళీ లేదు.

నువ్వు రావని తెలిశాక ఆ గదిలోకి వెళ్ళి కొత్త పరుపు మీద కాసేపు కూర్చున్నాను. ఏడుద్దామనే వెళ్ళాను. కూర్చుంటే నిద్ర పట్టింది. లేచేసరికి సాయంత్రమైంది. ఇంట్లో ఎవరూ నన్ను పిలవలేదు, ఎందుకంటే నేను అక్కడున్నానని ఎవరికీ తెలియదు. మర్నాడు నా మగ్గం చట్రం ఆ గదిలోకి మార్చాను. ఆ మర్నాడు నా బట్టలు. ఇప్పుడు పిల్లలు ముందు గదిలో కుడతారు, నేను లోపల కుడతాను.

నీకు నవ్వు రావచ్చు. పుట్టింట్లో మా అమ్మ పక్కన పడుకున్నాను. పెళ్ళయ్యాక అత్తగారింట్లో పదిమంది మధ్య. ఈ ఇల్లు కట్టినప్పుడు ఒక గది మాకు, ఒక గది చక్రికి అని నేనే లెక్క చెప్పాను. నాకు అని ఒకటి ఉండాలని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. ఎలా తోస్తుంది? అడగొచ్చని తెలిస్తే కదా. నువ్వు నన్ను అంత బాధపెట్టి అడిగావు కాబట్టి తెలిసింది. నాకు నలభై తొమ్మిదేళ్ళే తల్లీ. ఇంకా చాలా టైముంది.

మీ మావయ్య మొదట గొణిగాడు. ఇప్పుడు ఆయనే బయటినుంచి తలుపు తట్టి, “రామతులసీ, రావచ్చా?” అంటున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

నీకూ హెప్సిబాకూ హాల్లో పక్క వేస్తాను, ఫ్యాను కిందే. ఆదివారం చక్రి కూడా భోజనానికి వస్తాడు, పప్పు తనే వండుతానంటున్నాడు, వండనీ. గ్లాసులు నువ్వు కడుగు. తిన్నాక కబుర్లు చెప్పుకుందాం. రెండింటికి మాత్రం నేను నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను. నాలుగయ్యేదాకా నన్నెవరూ పిలవకండి.

నీ లోకల్ గార్డియన్,
రామతులసి